పన్నెండు గంటల దాకా

నాలుగో గీత సగం దాకా వచ్చేసరికి డబ్బాలో సున్నప్పొడి అయిపోయింది. ఇమాంసాహెబ్ వంచిన నడుము ఎత్తలేదు. ఎత్తితే మళ్లీ వంచడం ఎంత కష్టమో అతనికి తెలుసు. అట్లాగే చెయ్యి చాచి బకెట్‌ను దగ్గరికి లాక్కున్నాడు. రెండు దోసిళ్లు డబ్బాలో పోసుకుని, బిగించి కట్టిన తాడు పక్కన మెల్లగా ఆడిస్తూ మళ్లీ వెనక్కి నడవడం మొదలుపెట్టాడు.

గీత గీసేటప్పుడు సాయిబు ఎప్పుడూ వెనక్కే నడుస్తాడు. ముందుకు నడిస్తే గీసింది వీపు వెనక పడుతుంది, వంకరపోయినా తెలియదు. వెనక్కి నడిస్తే గీసినదంతా కళ్లెదురుగానే ఉంటుంది, కాలు కూడా దాని మీద పడదు. తిరుపతిలోని ఈ కాలేజీ మైదానంలో ముప్పై ఒక్క ఏళ్లుగా అతను వెనక్కి నడిచిన దూరమంతా కలిపితే, చిత్తూరుకు పోయి రావడం ఏ వందసార్లో అయ్యుంటుంది. నిజంగా చిత్తూరుకు పోయింది మాత్రం నాలుగైదు సార్లే.

తెల్లారి ఐదున్నర. కొండ మీద మెట్లదారి దీపాలు ఇంకా ఆరలేదు. డిసెంబరు చలికి సాయిబు తలకు తువ్వాలు చుట్టుకున్నాడు. బక్క మనిషి. ఎడమ భుజం కుడి భుజం కంటే కొంచెం కిందికి దిగి ఉంటుంది, బకెట్ మోసి మోసి. వేళ్ల చివర్లు సున్నం తిని పగిలి, ఎన్నిసార్లు కడిగినా గోళ్ల చుట్టూ తెల్లగానే ఉంటాయి. అతని నాయన ఊళ్లో సత్రాలకు వెల్ల వేసేవాడు. ఆయన గోళ్లూ ఇట్లాగే ఉండేవి. నాయన గోడలకు వేశాడు, నేను నేలకు వేస్తున్నాను, సున్నం మాత్రం మమ్మల్ని వదల్లేదు అని సాయిబు అప్పుడప్పుడూ భార్య ఆయిషా బీతో అని నవ్వుతాడు.

అతని పని బాగుంటే ఎవరికీ కనబడదు. ఎనిమిది గీతలూ సమంగా ఉన్నన్నాళ్లూ పిల్లలు వాటి మధ్యన పరుగెత్తి పోతారు, చూసేవాళ్లు పిల్లల్ని చూస్తారు. ఎప్పుడైనా ఒక గీత జానెడు పక్కకు పోతే అప్పుడు, సాయిబు యాడ, సాయిబును పిలవండి అంటారు. ముప్పై ఒక్క ఏళ్లలో అట్లా పిలిపించుకున్నది రెండే రెండుసార్లు. ఆ రెండు తేదీలూ అతనికి ఇప్పటికీ గుర్తే.

ఈ రోజు మైదానంలో రెండు పనులున్నాయి. సాయంత్రం నాలుగింటికి యూనివర్సిటీ జట్టులోకి పిల్లల్ని ఎంచే పరుగులు. అంతకంటే ముందు, పొద్దున ఎనిమిదింటికి, ఆ పరుగులకు వచ్చిన పన్నెండు మందికీ మూత్ర పరీక్ష. మత్తుమందులు, బలం మందులు వాడినవాళ్లనూ, పొగాకు వాడినవాళ్లనూ ఆ పరీక్ష పట్టిస్తుంది. పట్టుబడితే ఏడాదిపాటు పోటీలు లేవు. క్రీడాకారుల హాస్టల్లో చోటూ లేదు. పోయినేడు ఇద్దరు పిల్లోళ్ల దగ్గర గుట్కా పొట్లాలు దొరికినప్పటి నుంచి యూనివర్సిటీ ఈ పొగాకు నియమం కూడా కలిపింది.

అప్పుడే గేటు దగ్గర బోర్డు కూడా పెట్టారు. పొగాకు రహిత ప్రాంగణం అని పెద్దక్షరాలు. కింద చిన్నక్షరాల్లో, ఏ ఉద్యోగి దగ్గరైనా పొగాకు కనిపిస్తే ఆ రోజే తొలగిస్తాం అని. ఆ బోర్డుకు గుంట తవ్వింది, తాడు పట్టి వంకర లేకుండా నిలబెట్టింది సాయిబే. పని అయ్యాక నాలుగడుగులు వెనక్కి నడిచి, సరిగ్గా ఉందో లేదో చూసి, నేరుగా సామాన్ల గదిలోకి పోయి తన పొగాకు డబ్బీని సున్నం బస్తాలో మోచేతి లోతున పాతిపెట్టాడు.

రెండు మూతల ఇత్తడి డబ్బీ అది. ఒక పక్క పొగాకు, ఇంకో పక్క తడిసున్నం. నాయనది. ఆ రోజు నుంచీ సాయిబు తనకు తాను ఒక నియమం పెట్టుకున్నాడు. నమలాలనిపిస్తే డబ్బీ తవ్వి తీసుకుని వెనక గోడ అవతలికి పోతాడు. నమిలి, ఊసి, నోరు కడుక్కుని వస్తాడు. మైదానంలో ఆ డబ్బీ మూత తీసింది లేదు. మొన్న సోమవారం దాకా.

ఆరు గంటలకు పల్లవి వచ్చింది. వడమాలపేట పిల్ల. డిగ్రీ ఆఖరి సంవత్సరం, ఎనిమిది వందల మీటర్లు పరుగెత్తుతుంది. గట్టు మీద కూర్చుని బూట్లు తొడుక్కుంటూ, సాయిబు వైపు చూసి చెంప మీద చెయ్యి పెట్టి, నొప్పి లేదన్నట్టు వేళ్లాడించింది. సాయిబుకు ప్రాణం లేచొచ్చింది. వాపు కూడా పూర్తిగా పోయింది.

ఆ పిల్లంటే అతనికి ఎందుకంత ఇష్టమంటే చెప్పలేడు. అందరూ పరుగు అయ్యాక గీతలు తొక్కుకుంటూ వస్తారు, ఆ పిల్ల మాత్రం ప్రతి గీతనూ దాటి అడుగేస్తుంది. మొదటి ఏడాదిలో ఒకసారి అడిగితే, మీరు పొద్దున్నే గీసినారు గదా తాతా అంది. ముప్పై ఒక్క ఏళ్లలో ఆ మాట అన్నది ఆ పిల్ల ఒక్కతే.

జూన్‌లో కాలేజీ వాళ్లు మేకుల బూట్లు తెప్పించినప్పుడు పల్లవి కాలికి సరిపోయే జత లేదు. ఒక అంకె పెద్దవే మిగిలాయి. పరుగులో కాలు ముందుకు జారిపోతోంది. సాయిబు ఇంటికి పోయి, ఆయిషా బీ కుట్టుమిషను కింద పడి ఉన్న ఆకుపచ్చ జాకెట్టు గుడ్డ ముక్కలు తెచ్చి, గట్టిగా ఉండ చుట్టి రెండు బూట్ల ముక్కుల్లోనూ కూరాడు. అప్పటి నుంచి ఆ పిల్లను ఎవరూ దాటింది లేదు. ఈ సాయంత్రం పరుగు గెలిస్తే యూనివర్సిటీ జట్టు. ఆ జట్టులో ఆడిన సర్టిఫికెట్టు ఉంటే పోలీసు ఉద్యోగానికి క్రీడాకారుల కోటా. ఆ పిల్లకు ఇదే ఆఖరి సంవత్సరం, వచ్చే ఏడు కాలేజీలోనే ఉండదు. ఇదంతా సాయిబుకు తన ఇంటి సంగతి తెలిసినంత బాగా తెలుసు.

సోమవారం సాయంత్రం చీకటి పడే ముందు పల్లవి చెంప పట్టుకుని సామాన్ల గదికి వచ్చింది. దవడ పన్ను. ముఖం ఒక పక్క పొంగిపోయింది, కళ్లలో నీళ్లు. మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదట. మాత్ర వేసుకోవడానికి భయం. ముకుందం సారు ముందే గట్టిగా చెప్పి ఉన్నాడు, పరీక్ష అయ్యేదాకా నన్నడక్కుండా మాత్ర సంగతటుంచి దగ్గుమందు చుక్క కూడా నోట్లో వేసుకోవద్దని. ముకుందం కాలేజీ వ్యాయామ అధ్యాపకుడు, మాటకు కట్టుబడే మనిషి. ఆ రెండు రోజులు పని మీద చిత్తూరుకు పోయి ఉన్నాడు. పల్లవి ఫోన్ చేసి అడిగితే, గురువారం దాకా ఓర్చుకోమ్మా, పరీక్ష కాగానే నేనే పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకుపోతానన్నాడు. లవంగం పెట్టి చూసింది, తగ్గలేదు.

ఆ పిల్ల అట్లా ఏడుస్తుంటే సాయిబు చూడలేకపోయాడు. వాళ్ల ఇళ్లల్లో పన్ను నొప్పికి డాక్టరు దగ్గరికి పోవడం ఎవరూ ఎరగరు. చిన్నప్పుడు అతని తల్లి ఇంత ఆకు నలిపి అతని పంటి కింద పెట్టేది. కొడుకు ఉబేద్‌కు ఆయిషా బీ అదే చేసింది. సాయిబు బస్తాలోంచి డబ్బీ తవ్వి తీశాడు, ఆకు అరచేతిలో నలిపి చింతగింజలో సగమంత ఉండ చేశాడు.

పల్లవి దాన్ని చూసి, “తాతా, ఇది మాత్ర కాదు గదా?” అని అడిగింది.

“మాత్ర యాడిదమ్మా, ఆకు. పంటి కింద పెట్టుకుని ఊరిన నీళ్లు ఊసెయ్. మింగొద్దు.”

వాసన ఆ పిల్లకు తెలియకపోదు. తెలిసినా పంటి కింద పెట్టుకుంది. సాయిబు ఏమీ తెలియని మనిషని అనుకోవడానికి లేదు. బోర్డు పాతినవాడికి బోర్డులో ఏముందో తెలుసు. కానీ అతని బుర్రలో నమిలే పొగాకు వేరు, పంటికి పెట్టే ఆకు వేరు. మొదటిది అలవాటు, తప్పు, గోడ అవతల చేయాల్సిన పని. రెండోది మందు, అమ్మ చేతిది. రెండూ ఒకే డబ్బీలోంచి వస్తాయన్న సంగతి అతనికి తట్టనే లేదు. మంగళవారం సాయంత్రం కూడా ఇంకో ఉండ పెట్టాడు. బుధవారానికి నొప్పి పోయింది.

ఎనిమిదింటికి పరీక్ష మొదలైంది. వ్యాయామశాల వరండాలో బల్ల వేశారు. యూనివర్సిటీ నుంచి వచ్చిన అధికారి పేరు వకుళ, నలభై ఏళ్ల మనిషి, నెమ్మదిగా మాట్లాడుతుంది. పిల్లలకు తాగడానికి నీళ్లు అందించడం, మూతలున్న కప్పులు బల్ల దాకా మోసుకురావడం సాయిబు పని. ఒక్కో కప్పులో ఆమె సన్నటి పట్టీలు ముంచి వరసగా పెడుతోంది. రెండు గీతలు పడితే ఏమీ లేనట్టు, ఒకటే పడితే ఉన్నట్టని పక్కనున్న ముకుందానికి చెబుతుంటే సాయిబు విన్నాడు. గీతలంటే అతనికి ఆసక్తి. నీళ్ల క్యాను పట్టుకుని వంగి చూశాడు. వెంట్రుకంత సన్నగా, ఎంత తిన్నగా పడుతున్నాయో చూసి మెచ్చుకున్నాడు కూడా.

పదకొండు మందివి బాగున్నాయి. పన్నెండోది చూసి వకుళ గడియారం వైపు చూసింది. కాసేపు ఆగి ఇంకో పట్టీ ముంచింది. మళ్లీ ఆగింది. తర్వాత ముకుందాన్ని దగ్గరికి పిలిచి, మందుల పట్టీలన్నీ శుభ్రంగా ఉన్నాయనీ, పొగాకు పట్టీలోనే రెండో గీత పడలేదనీ చెప్పింది. ముకుందం పేరు చూసి, ఇంకోసారి చూడండమ్మా, ఈ పిల్లది అయ్యుండదు అన్నాడు. ఆమె రెండుసార్లు చూశానంది.

సాయిబు చేతిలోని క్యాను కింద పెట్టాడు. ఆ క్షణంలోనే అతనికి అంతా తెలిసిపోయింది.

ముకుందం పల్లవిని పిలిచి అందరి ముందూ కోప్పడలేదు. మెల్లగానే చెప్పాడు. అయినా ఆ వరండాలో ఉన్న ప్రతివాడికీ వినిపించింది. “ఇట్లా చూడమ్మా. ఎట్లా వచ్చిందో తెలిస్తే, చూసినవాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్ల సంతకంతో పన్నెండు గంటల లోపల రాసివ్వు. అప్పుడు వారం తర్వాత మళ్లీ పరీక్ష చేస్తారు, అంతదాకా నీ పేరు తీసేయరు. ఈ సాయంత్రం పరుగెత్తొచ్చు. పన్నెండు దాటితే ఫలితం యూనివర్సిటీకి పంపించాల్సిందే. తర్వాత నా చేతుల్లో ఏమీ ఉండదు.” గోడ గడియారంలో పదిన్నర దాటి రెండు నిమిషాలైంది.

ఆ తర్వాతి గంటన్నరలో ఇమాంసాహెబ్ ఏమేం చేశాడో చెప్పాలంటే సిగ్గుగా ఉంది. చెప్పకపోతే ఈ కథ లేదు. మెట్లు ఊడ్చాడు. ఊడ్చిన మెట్లు మళ్లీ ఊడ్చాడు. నిండి ఉన్న నీళ్ల తొట్టికి పంపు తిప్పాడు. మూడుసార్లు వరండా దాకా పోయాడు. మొదటిసారి అక్కడ నలుగురు నిలబడి ఉన్నారు, వాళ్లు పోనీ అనుకున్నాడు. రెండోసారి ముకుందం ఫోన్లో మాట్లాడుతున్నాడు, అది కానీ అనుకున్నాడు.

భయం. ఇంకేమీ లేదు, భయమే. కాంట్రాక్టు ఉద్యోగం, ఇంకా పద్నాలుగు నెలలుంది. పొగాకు కనిపిస్తే ఆ రోజే తొలగిస్తారు, ఆ మాటకు గుంట తవ్వింది తనే. ఉబేద్ నాయుడుపేటలో ఫ్యాక్టరీ పనికి పోతూ తన సంసారం తను ఈదుతున్నాడు. ఆయిషా బీకి సూదిలో దారం ఎక్కించడానికి ఇప్పుడు పక్కింటి పిల్లలు కావాల్సొస్తోంది. ఇవన్నీ నిజాలే. కానీ వీటికంటే లోపల ఇంకొకటి ఉంది. ఈ మైదానం లేకపోతే పొద్దున లేచి యాడికి పోవాలో అతనికి తెలియదు.

మూడోసారి పోయినప్పుడు వరండాలో పల్లవి ఒక్కతే ఉంది. బెంచీ మీద కూర్చుని, మోకాళ్ల మీద అట్ట పెట్టుకుని, అట్ట మీద కాగితం పెట్టుకుని ఉంది. కాగితం మీద ఒక్క అక్షరం లేదు. సాయిబు స్తంభం పక్కన ఆగాడు. ఆ పిల్ల తలెత్తి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

అది చూడగానే సాయిబు గుండెలో మొట్టమొదట కలిగింది ఊరట. ఆ ఊరట ఎంత హాయిగా ఉందో అతను చచ్చేదాకా మరిచిపోలేడు. ఆ పిల్లే వద్దంటోంది గదా అనుకున్నాడు. వెనక్కి తిరిగి మైదానంలోకి పోయి, చెదరని గీత మీద మళ్లీ సున్నం పోశాడు.

పన్నెండున్నరకు వెనక వీధి మసీదులో జుహర్ నమాజుకు అజాన్ వినిపించింది. రోజూ పోయినట్టే పోయాడు. కుళాయి దగ్గర కూర్చుని వజూ చేసుకున్నాడు. చేతులు కడుక్కున్నాడు, నోట్లో నీళ్లు పోసి పుక్కిలించాడు. మూడుసార్లు పుక్కిలించాలి. మూడోసారి ఊసిన నీళ్లలోంచి ఆకు వాసన వచ్చింది. పొద్దున్నుంచి అతను ఆకు ముట్టనే లేదు. పక్కన వజూ చేసుకుంటున్న ముసలాయనకు ఏ వాసనా రాలేదు. సాయిబు మళ్లీ పుక్కిలించాడు, మళ్లీ అదే. ఇట్లా నోరు పెట్టుకుని నమాజు వరసలో నిలబడలేననిపించింది. తడి చేతులతోనే లేచి వచ్చేశాడు.

పన్నెండు దాటిందని తెలుసు. దాటినా ఫరవాలేదనుకున్నాడు. కాలేజీ ఆఫీసులో పన్నెండంటే రెండని ముప్పై ఒక్క ఏళ్ల అనుభవం. బస్తాలోంచి డబ్బీ తీసి, సున్నం దులిపి, జేబులో కూడా దాచకుండా చేతిలో పట్టుకుని నేరుగా ముకుందం గదికి పోయాడు.

ముకుందం అన్నం క్యారియర్ ముందు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. మూత తీయలేదు. సాయిబు డబ్బీ బల్ల మీద పెట్టి, రెండు మూతలూ తీసి, జరిగిందంతా చెప్పాడు. పన్ను నొప్పి, లవంగం, ఆకు, రెండు సాయంత్రాలు. చెప్పి, “తప్పు నాది సార్. యాడ సంతకం పెట్టమంటే ఆడ పెడతాను. నన్ను పంపించేయండి. ఆ పిల్లను పరుగెత్తనీండి” అన్నాడు.

ముకుందం డబ్బీ వైపు చూశాడు. నుదుటి నామం చెమటకు చెదిరి ఉంది. తను చిత్తూరుకు పోకుండా ఉండి ఉంటే, ఫోన్లో ఓర్చుకోమనకుండా ఉండి ఉంటే అన్నదంతా అతని ముఖంలో కనిపించింది. తలెత్తి అడిగాడు.

“పదిన్నరకు నువ్వు ఆ వరండాలోనే గదా ఉన్నావు సాయిబూ?”

“ఉండాను సార్.”

“అప్పుడు చెప్పుంటే సరిపోయేది. ఫలితం పన్నెండూ ఐదుకు పంపించేసినాను. దాంతో పాటు ఆ పిల్ల రాసిన కాగితం కూడా పంపించినాను. ఎట్లా వచ్చిందో నాకు తెలియదు, ఎవరూ ఇవ్వలేదు అని రాసింది. ఇప్పుడు నేనిచ్చినానని నువ్వు సంతకం పెడితే, ఆ పిల్ల అబద్ధం రాసినట్టవుతుంది. పొగాకుకు ఒక ఏడాది. అబద్ధానికైతే, ఇన్నాళ్లూ గెలిచినవి కూడా కొట్టేస్తారు.”

సాయిబుకు మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. నిజం చెప్పడానికి అంత కష్టపడి వచ్చాడు. ఆ నిజం ఇప్పుడు ఆ పిల్ల మీదే పడుతుంది. ఇక నోరు మూసుకుని ఉండడమే ఆ పిల్లకు చేయగలిగిన మేలు. పొద్దున భయంతో మూసుకున్న నోరు, ఇప్పుడు బతికినన్నాళ్లూ మూసుకునే ఉండాలి.

ముకుందం డబ్బీ మూతలు తనే పెట్టి సాయిబు వైపు జరిపాడు. నేనిది చూడలేదు, లోపల పెట్టుకో అన్నాడు. తర్వాత క్యారియర్‌ను పక్కకు నెట్టి, తనలో తను అనుకుంటున్నట్టు, ఆ పిల్ల కాగితం ఇచ్చింది సరిగ్గా పన్నెండుకు ఐదు నిమిషాలు తక్కువకు, అంతదాకా ఒక్క ముక్క రాయకుండా తలుపు వైపు చూస్తూ కూర్చుంది పాపం అన్నాడు.

తల అడ్డంగా ఊపిన పిల్ల, ఊపి కూడా, గంటసేపు తన కోసం ఎదురుచూసింది.

నాలుగింటికి పరుగులు ఆగలేదు. ఎనిమిది వందల మీటర్లకు ఏడుగురు ఆడపిల్లలు వరసలో నిలబడ్డారు. నాలుగో గీతలో ఎవరూ లేరు. మొదటి మలుపు దాకా ఎవరి గీతలో వాళ్లే పరుగెత్తాలి, ఆ తర్వాతే లోపలి గీతలోకి రావచ్చు. అది ఎక్కడో గుర్తుగా జెండా పట్టుకుని నిలబడేది ఎప్పుడూ సాయిబే. ఈ రోజూ అతనే నిలబడ్డాడు. పిల్లలు దగ్గరికొచ్చారు, జెండా దాటారు, లోపలికి తిరిగిపోయారు. కాళ్ల కింద దుమ్ము లేచి మిగతా గీతలన్నీ అక్కడక్కడా చెదిరాయి. నాలుగో గీత మాత్రం పొద్దున పోసిన సున్నంతో తెల్లగా అట్లాగే ఉంది. శ్రీసుధ అనే పిల్ల గెలిచింది. గెలిచి, ఊపిరి ఆడక వంగి మోకాళ్లు పట్టుకుని, పల్లవి రోజూ కూర్చునే గట్టు వైపు చూసి ముఖం తిప్పుకుంది.

ఐదింటికి పల్లవి సామాన్ల గదికి వచ్చింది. హాస్టల్ ఖాళీ చేసింది. భుజాన సంచి ఉంది, వడమాలపేట మీదుగా పుత్తూరు పోయే బస్సుకు పోవాలి. కాలేజీ సామాను అప్పజెప్పి సంతకం పెట్టాలి. రెండు జతల బట్టలు, ఒక చలి కోటు, మేకుల బూట్లు. బూట్లు శుభ్రంగా తుడిచి తెచ్చింది. సాయిబు పుస్తకం తెరిచి పెట్టాడు. ఆ పిల్ల తన పేరు ఎదురుగా నాలుగుసార్లు సంతకం పెట్టింది.

సాయిబు తలెత్తలేకపోయాడు. పుస్తకం వైపే చూస్తూ, “నేను పోయినానమ్మా సారు దగ్గరికి. పోయినాను. ఆలస్యమైపోయింది” అన్నాడు.

“సారు సెప్పినాడు తాతా.”

“నా పేరు ఎందుకు రాయలేదు?”

పల్లవి పెన్ను మూత పెట్టి పుస్తకం మీద ఉంచింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి కానీ అక్కడ ఏడవలేదు. సంచి సర్దుకుని గడప దాకా పోయి, వెనక్కి తిరిగి, చెంప మీద చెయ్యి పెట్టుకుంది.

“పన్ను నొప్పి మాత్రం పూర్తిగా పోయింది తాతా” అంది.

మైదానానికి అడ్డంగా పోతే గేటు దగ్గరవుతుంది. పల్లవి అట్లాగే పోయింది. సాయిబు గడపలో నిలబడి చూశాడు. ఎనిమిది గీతల దగ్గరా ఆ పిల్ల అడుగు పెద్దది చేసి, ఒక్కటి కూడా తొక్కకుండా దాటింది. బోర్డు పక్కనుంచి గేటు బయటికి పోయింది. సాయిబు అప్పుడు ఏడ్చాడు. తువ్వాలు నోట్లో కుక్కుకుని, చప్పుడు కాకుండా ఏడ్చాడు.

రేపు పొద్దున్నే ఈ బూట్లు శ్రీసుధకు ఇవ్వాలి. ఆ పిల్ల పాదం పెద్దది, సరిగ్గా సరిపోతాయి. లోపల కూరినవి తీసేయాలి. సాయిబు కళ్లు తుడుచుకుని బల్ల ముందు కూర్చున్నాడు, కుడి బూటులో వేళ్లు పెట్టి ఆకుపచ్చ గుడ్డ ఉండను మెల్లగా బయటికి లాగాడు. తను జూన్‌లో గుండ్రంగా చుట్టి పెట్టిన ఉండ అది. ఇప్పుడు గుండ్రంగా లేదు. ఆరు నెలలు పరుగెత్తిన బొటనవేలు దాన్ని ఒక పక్కకు నొక్కి నొక్కి గట్టిపరిచింది. దాన్ని కిటికీ అంచు మీద పెట్టి, దీపం ఆర్పి, తలుపు దగ్గరికి వేశాడు.

కిటికీలోంచి వచ్చే కొద్దిపాటి వెలుతురులో, ఆకుపచ్చ గుడ్డలో బొటనవేలంత గుంట అట్లాగే ఉంది.